ఏడేళ్లుగా చూస్తున్న వీపు

అక్టోబర్ 6, సోమవారం

ఈ నోటుబుక్కు మా ఆవిడ ఇచ్చింది. కంచం ముందు కూర్చుని మనుషుల్ని తిట్టడం మానేసి, ఆ తిట్లన్నీ ఇందులో రాసుకోమంది. అప్పుడు ఇద్దరం వేడివేడిగా తినొచ్చట.

ముప్పై మూడేళ్లు లైబ్రరీలో పనిచేసినవాణ్ణి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో, ఎవరు పేజీలు మడిచారో, ఎవరు అంచుల్లో పెన్సిలుతో తెలివి ఒలకబోశారో అంతా గుర్తుంది. కాబట్టి తిట్టడానికి మనుషుల కొరత లేదు. నా తర్వాత వచ్చి, నేను అట్టలు వేయించిన పుస్తకాలన్నీ గోనెసంచుల్లోకి ఎక్కించి బయటికి పంపేసిన లైబ్రేరియను ఒకడు. సముద్రయానాల పుస్తకం పట్టుకెళ్లి, పదకొండేళ్ల తర్వాత నూనె మరకతో తెచ్చిచ్చి, "బాగుంది బావా, చివర్లో మునిగిపోతారు" అని చెప్పిన మా ఆవిడ తమ్ముడు ఒకడు. వీళ్లను వరసగా పట్టుకుందామనే కూర్చున్నాను. కలం కాగితం మీద పెట్టగానే వచ్చింది మాత్రం కత్తెర.

కత్తెర అంటే మార్కెట్ వీధి మలుపులో ఉండే టైలరు. ముప్పై ఏళ్లుగా నా బట్టలు కుడుతున్నది అతనే. ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ లైబ్రరీ గడప తొక్కలేదు. అరవై దాటినవాళ్ల పరుగు పందెంలో ఏడేళ్లుగా ప్రతి జనవరిలోనూ అతను ఫస్టు, నేను సెకండు. పొలాలూ, తుప్పలూ, గుట్టా కలిపి ఎనిమిది కిలోమీటర్లు. మొత్తం పదకొండు మందిమి. మిగిలిన తొమ్మిది మంది పోటీకి కాదు, ఫొటోకి వస్తారు.

పైగా మా ఆవిడను చెల్లెమ్మా అని పిలిచి, ఆ దారిన నన్ను బావగారిని చేశాడు. నన్నెవరూ అడగలేదు.

అక్టోబర్ 9

డ్రాయింగ్ టీచరమ్మ వచ్చింది. మా పరుగు సంఘానికి ఆవిడే కార్యదర్శి. రెండు సంగతులు చెప్పింది.

ఒకటి, పాత దారి సగం మీద రోడ్డు వేస్తున్నారు. కొత్త దారి గీయాలి. సంఘం పెట్టినప్పటి నుంచీ ఒక నియమం ఉంది. దారి మార్చాల్సి వస్తే గీసేది కిందటేడు సెకండు వచ్చినవాడు. ఫస్టు వచ్చినవాడు పందెం రోజు పొద్దున దాకా ఆ దారిని కంటితో చూడకూడదు. ఓడినవాడికి ఆ మాత్రం ఓదార్పు ఉండాలని పెట్టారట. తారురోడ్డు తగలకూడదు, ఎవరి ప్రాణమూ పోకూడదు. మిగతాదంతా నా ఇష్టం.

రెండు, మార్చిలో కత్తెరకు డెబ్బై నిండుతాయి. వచ్చే ఏడు నుంచి అతను డెబ్బై దాటినవాళ్ల వర్గం. నాకు అరవై ఏడు.

"ఈ జనవరే మీ ఇద్దరికీ చివరిది సార్," అంది, పరామర్శకు వచ్చినట్టు మొహం పెట్టి.

ఆవిడ వెళ్లాక ఆలోచించాను. వచ్చే ఏడు ఎవరూ అడ్డులేక నేనే ఫస్టు. అంటే ఖాళీ కుర్చీని ఓడించి కప్పు తెచ్చుకోవడం. అలాంటి కప్పులో పెన్సిళ్లు పెట్టుకోవడానికి కూడా మనసొప్పదు. ఓడిస్తే ఈ జనవరిలోనే ఓడించాలి.

అక్టోబర్ 10

ఇద్దరికీ చివరిది.

అక్టోబర్ 12

లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఖాళీ కార్డులు ఒక కట్ట ఉన్నాయి. ఏడేళ్లు ఆ మనిషి వీపు చూస్తూ పరిగెత్తాను. ఆ వీపు మీద నాకున్నంత పరిజ్ఞానం అతని పెళ్లానికి కూడా ఉండదు. గుర్తున్నదంతా కార్డులకెక్కించాను. పైన శీర్షిక: కత్తెర బలహీనతలు.

కార్డు 1. కాలువ. రాళ్ల మీద అడుగేసి దాటే చోట నెమ్మదిస్తాడు. ఏడేళ్లలో ఏడుసార్లు. నీళ్లంటే భయం.

కార్డు 2. దిగుడు. గుట్ట ఎక్కేటప్పుడు రెచ్చిపోతాడు, దిగేటప్పుడు నీరసిస్తాడు. మోకాలి చిప్పలో ఏదో ఉంది.

కార్డు 3. గులకరాళ్లు. అరికాళ్లు మెత్తన. రోజంతా మిషను తొక్కే కాళ్లు మరి.

కార్డు 4. ఇరుకు గట్టు. కళ్లు తిరుగుతాయి కాబోలు. ఇక్కడే రెండు మూడుసార్లు తల వెనక్కి తిప్పడం చూశాను. నేనెంత దగ్గరికొచ్చానోనని బెదురు.

మనుషుల్ని చదవడానికి వాళ్ల మొహాలే చూడనక్కర్లేదు.

అక్టోబర్ 19

గీశాను. మూడుచోట్ల వాగు దాటాలి. గుట్టకు వెనకవైపు నిటారు దిగుడు. తర్వాత పాత రాతి క్వారీ మీదుగా గులకరాళ్లలో అర కిలోమీటరు. వాగు దాటాక చెరకు తోటల మధ్య జానెడు వెడల్పు గట్టు. ప్రతి మలుపూ ఒక కార్డు.

కొలవడానికి వెళ్లి వాగు దగ్గర పడ్డాను. నాచు.

నవంబర్ 2

గుట్ట దిగుతూ పడ్డాను. కొత్త బూట్లు.

నవంబర్ 9

గట్టు మీద నుంచి చేలోకి పడ్డాను. ఎండ కళ్లలో పడింది. ఆ రోజంతా మబ్బుగా ఉందని మా ఆవిడ అంటుంది. ఆవిడ అక్కడ లేదు.

నవంబర్ 16

కత్తెర కొట్టుకు వెళ్లి కూర్చుంటే నోరు జారి దారి చెప్పేస్తానని, ఈసారి పరుగు ప్యాంటు బజార్లో రెడీమేడ్‌ది తెచ్చుకున్నాను. ఎడమకాలు మడమ కిందికి జారి నేల ఊడుస్తోంది. కుడికాలు సరిగ్గానే ఉంది. రెండు కాళ్లు ఒకేలా కుట్టడం కూడా చేతకాని వాళ్లు దేశాల మీదికి సరుకు పంపిస్తున్నారు. వెనక్కి పట్టుకెళ్లాను. దుకాణంవాడు నా కళ్లముందే టేపు పెట్టి రెండూ కొలిచి, ఒకటే అన్నాడు.

వాడి టేపు సాగిపోయి ఉంటుంది.

నవంబర్ 23

కత్తెర ఇంటికొచ్చాడు. చెల్లెమ్మ చేతి కాఫీ తాగి చాలా రోజులైందన్నాడు. వచ్చిన పని అది కాదని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికి తెలుసు. దారి గురించి ఒక్క మాట అడగలేదు. నా బూట్ల వంక చూశాడు. మడమకు అంటిన ఎర్రమట్టి చూశాడు. నా మోచేతి మీద కట్టు చూసి, పుస్తకాల బీరువా మీద పడిందా బావగారూ అన్నాడు. అవును, విజ్ఞాన సర్వస్వం, నాలుగో సంపుటం అన్నాను. ఇద్దరం మర్యాదగా నవ్వుకున్నాం.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మా ఆవిడతో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగితే, "మిమ్మల్ని వాగు రాళ్ల మీద పరిగెత్తొద్దని చెప్పమన్నాడు," అంది.

భయపడ్డాడు. కార్డు 1 కింద గీత గీశాను.

డిసెంబర్ 14

ఈసారి వాగులోనే పడ్డాను. మూడో దాటు. బూటులో ఇసుక.

తల తుడుస్తూ మా ఆవిడ ఒకే మాట అంది. "ఆయన పడాలని గీసిన దారిలో ఇప్పటిదాకా పడింది మీరొక్కరే." యుద్ధాల చరిత్ర చదవనివాళ్లకు వ్యూహం గురించి చెప్పడం కష్టం. తుమ్ములొస్తున్నాయి కనక చెప్పలేదు.

డిసెంబర్ 28

టీచరమ్మ దారంతా నడిచి చూసి సంతకం పెట్టింది. సార్, ఇది మీకు ఇష్టమైన దారేనా అని రెండుసార్లు అడిగింది. ఇష్టమైనదే అని రెండుసార్లు చెప్పాను.

జనవరి 10

రేపే.

జనవరి 11, ఆదివారం

మధ్యాహ్నం నుంచి రాయాలనుకుని రాయలేకపోతున్నాను. జరిగింది జరిగినట్టు పెట్టేస్తాను.

మంచు తెరలు విడుతుండగా మొదలుపెట్టారు. పదకొండు మందిమి. గుట్ట ఎక్కడంలో కత్తెర ఎప్పటిలాగే ముందు, నేను పది అడుగులు వెనక. పైకి చేరాం. అవతలివైపు నేను ఎంచిన నిటారు దిగుడు. నేను రాసుకున్నట్టే నెమ్మదించాడు. కార్డు 2. పక్కనుంచి దూసుకుపోయాను. పోతూ పోతూ, "మోకాలు జాగ్రత్త మాస్టారూ," అన్నాను కూడా. ఏడేళ్లలో మొదటిసారి నా ముందు ఎవరి వీపూ లేదు. గుట్టా, కిందన క్వారీ, దాని అవతల వాగు మెరుపూ అన్నీ కనిపించాయి. ఇన్నాళ్లూ ఈ పందెంలో ఇంత చూడాల్సింది ఉందని నాకు తెలియదు.

గులకరాళ్లు వచ్చాయి. అతను వెనకపడతాడని చెవులు రిక్కించాను. అడుగుల చప్పుడు నా వెనకే ఉంది. తగ్గలేదు, పెరగలేదు. నేను తడబడితే తడబడింది, సర్దుకుంటే సర్దుకుంది. మొదటి వాగు. రెండో వాగు. అదే చప్పుడు. నీళ్లంటే భయం ఉన్నవాడి అడుగులు కావవి.

మూడో వాగులో, మధ్యరాయి మీద, నా ఎడమకాలు జారింది. నీళ్లలో పడాల్సినవాణ్ణి పడలేదు. మోచేయి ఒకరి చేతిలో ఉంది.

"ఎడమకాలు చూసుకుని వేయండి బావగారూ."

"ఎడమకాలికేమైంది?"

"అదే, పొట్టి కదా."

ఆగిపోయాను. అతను కూడా ఆగాడు. మోకాళ్ల దాకా నీళ్లు.

"ఎవరికి పొట్టి?"

అతని మొహం చూశాను. నాకు తెలియదన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

"అరంగుళం. మొదటిసారి కొలిచినప్పుడే చూశాను. మీకు తెలిసే ఉంటుందనుకున్నా. తెలిసినా చెప్పుకోవడం ఇష్టం లేదేమోనని, ఎడమకాలు అరంగుళం తగ్గించి కుడుతూ వచ్చా. ముప్పై ఏళ్లు."

"నువ్వు దిగుడులో నెమ్మదించేది…"

"మీరు దిగుడులో తూలుతారు. నీళ్లలోనూ అంతే. ఎక్కడైనా పడితే అక్కడ ఎవరుంటారు? ఆ తొమ్మిది మంది వచ్చేసరికి సాయంత్రమవుతుంది."

"ఏడేళ్లు?"

"ఏడేళ్లూ."

"ఆగి ఆగి పరిగెత్తి కూడా ఫస్టు వచ్చావా?"

అతను తల తిప్పి వాగు వంక చూశాడు. అంత మర్యాద నేను భరించలేను. నోటికొచ్చిందల్లా అన్నాను. అందులో కొన్ని చాలా పాత పుస్తకాల్లోవి, అతనికి అర్థమై ఉండవు. అన్నీ విని, "ముప్పై ఏళ్లకి నన్ను 'నువ్వు' అన్నారు," అన్నాడు. అప్పటికి గాని గమనించలేదు.

ఇంతలో మా పక్కనుంచి రిటైరైన బస్సు కండక్టరు వెళ్లిపోయాడు. పరిగెత్తుతూ కాదు, నడుస్తూ. ప్యాంటు పైకి మడిచి, రాయి రాయికీ సాగుతూ, వాగు మధ్యలో సభ పెట్టుకున్న మా ఇద్దరికీ నమస్కారం చేసి మరీ వెళ్లాడు.

"కండక్టరు దాటిపోయాడు," అన్నాడు కత్తెర.

"దాటనీ. ఇప్పుడు చెబుతున్నాను విను. ఇక్కణ్ణించి నా వంక చూడకు. నేను పడితే పడతాను, కొట్టుకుపోతే కొట్టుకుపోతాను. నువ్వు పరిగెత్తు. నిజంగా పరిగెత్తు."

"నిజంగానే అంటున్నారా?"

"నిజంగా."

"సరే మరి."

నా మోచేయి వదిలాడు. రెండు అంగల్లో ఒడ్డెక్కాడు. గట్టు మీదికి వెళ్లాడు. నేను జానెడు వెడల్పని కొలిచి మరీ ఎంచిన గట్టు మీద, కళ్లు తిరుగుతాయని కార్డు రాసిన మనిషి, గాలిపటం తోకలా పోయాడు. ఆ వీపు నేనెప్పుడూ చూడలేదు. చెరకు తోట మలుపు దగ్గర కండక్టరును దాటింది చూశాను. ఆ తర్వాత చూడ్డానికి ఏమీ లేదు.

కత్తెర ఫస్టు. కండక్టరు సెకండు. నేను మూడు.

కత్తెరకూ నాకూ మధ్య తొమ్మిది నిమిషాలు. కిందటేడు పద్నాలుగు సెకన్లు.

జనవరి 12

మాట్లాడదలచుకోలేదు. ఈ నోటుబుక్కుతో కూడా.

జనవరి 13

బీరువాలో ఉన్న ప్యాంట్లన్నీ తీసి మంచం మీద పరిచాను. పన్నెండు. మా ఆవిడ టేపు పట్టుకుంది. పన్నెండింటికీ ఎడమకాలు అరంగుళం తక్కువ. మా అమ్మాయి పెళ్లికి కుట్టించుకున్న దానికి కూడా.

ఆవిడకు ముందే తెలుసా అని అడిగాను. "నడక చూస్తే తెలీదా," అంది, ఒక్కొక్కటీ మడత పెడుతూ. నలభై రెండేళ్ల కాపురం.

ఇంకెవరెవరికి తెలుసో అడగదలచుకోలేదు.

జనవరి 16

కార్డులు చింపేద్దామని తీశాను. చింపే ముందు అలవాటు కొద్దీ ఒకసారి చదివాను.

కాలువ దగ్గర నెమ్మదిస్తాడు. నిజం. దిగుడులో నెమ్మదిస్తాడు. నిజం. వెనక్కి తిరిగి చూస్తాడు. నిజం. ఒక్క కార్డులోనూ తప్పు లేదు. శీర్షిక తప్పు. కత్తెర బలహీనతలు అని కట్టిన కట్టంతా నా పేరు మీద కట్టాల్సింది. ముప్పై మూడేళ్లు పుస్తకాల్ని వాటి అరల్లో సర్దినవాణ్ణి, ఒక మనిషిని ఏడేళ్లు తప్పు అరలో పెట్టాను. వంటల పుస్తకాన్ని ఖగోళశాస్త్రంలో పెట్టాడని ఒక సహాయకుణ్ణి నేనొకసారి నలుగురిలో నిలదీశాను. అతనిప్పుడు ఎక్కడున్నాడో.

చింపలేదు.

జనవరి 18

పొద్దున లేచి అలవాటుగా బూట్లు వేసుకున్నాను. ఎవరి వీపు ఊహించుకుని పరిగెత్తాలో తెలియక గేటు దాకా వెళ్లి వచ్చేశాను.

ఆ ఆఖరి గట్టు మీద అతను పోయిన తీరు గుర్తొస్తూనే ఉంది. ఏడేళ్లలో నాకు జరిగిన పందెం అదొక్కటే. ఒకటిన్నర కిలోమీటర్లు. అందులో తొమ్మిది నిమిషాలు వెనకపడ్డాను. ఇంకా కావాలనిపిస్తోంది. ఇది వయసుతో వచ్చే జబ్బేమో చూడాలి.

జనవరి 20

టీచరమ్మ ఇంటికి వెళ్లాను. వచ్చే ఏడు నన్ను డెబ్బై దాటినవాళ్లలో పరిగెత్తనిమ్మని అడిగాను. ఆవిడ బ్రష్షు గ్లాసులో పెట్టి, నిబంధనల పుస్తకం తీసింది. చిన్నవాళ్లు పై వర్గంలోకి వెళ్లకూడదట. పెద్దవాళ్లు కావాలంటే కింది వర్గంలో ఉండొచ్చట. కారణం రాసి దరఖాస్తు ఇవ్వాలి.

చూడ్డానికి నాకు డెబ్బై ఉన్నట్టు లేదా అన్నాను.

"ఉన్నాయి సార్. కానీ కాగితం మీద లేవు. ఇద్దరూ కలిసి పరిగెత్తాలంటే టైలరు మాస్టారే కిందికి రావాలి."

అంటే ఆయన్ను అడగాలి. అంటే నేను అడగాలి.

జనవరి 21

అడగను.

జనవరి 22

ఉత్తరం రాస్తే అడిగినట్టు కాదు, తెలియజేసినట్టు. నాలుగు చిత్తుప్రతులు అయ్యాయి. మొదటిది గడువు దాటిన పుస్తకానికి పంపే నోటీసులా ఉంది. రెండోది సంతాప సందేశంలా ఉంది. మూడోది మా ఆవిడ చదివి, ఎవరి మీద కేసు వేస్తున్నారంది. నాలుగోదాన్లో ఒకే వాక్యం ఉంది, అది చింపేశాను.

జనవరి 25, ఆదివారం

వెళ్లాను.

కత్తెర ఒక్కడే ఉన్నాడు. మిషను ఆపాడు, స్టూలు జరిపాడు. నేను వాతావరణం గురించి మాట్లాడాను. రోడ్డు పని గురించి మాట్లాడాను. సెకండు వచ్చినప్పటి నుంచీ కండక్టరు కప్పు చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడని అతను చెప్పాడు. చేతిలోని చొక్కాకు అతను గుండీలు కుడుతుంటే లెక్కపెడుతూ కూర్చున్నాను. ఐదోది పట్టుకున్నాడు.

"డెబ్బై దాటినవాళ్లలో నువ్వెవరితో పరిగెత్తుతావు?" అన్నాను.

"ఎవరున్నారు. ఒక్కణ్ణే. మానేద్దామనుకుంటున్నా."

"మానడం దేనికి?"

"వెనక తిట్టుకుంటూ వచ్చేవాడు ఉంటే పరిగెత్తబుద్ధేస్తుంది బావగారూ. మీరు గొణుక్కుంటూ వస్తారు, మీకు తెలీదేమో. ఆ మాటలు సగం నాకు అర్థం కావు. కానీ అవి వినబడేంత దూరంలో ఉండాలనే ఆగేవాణ్ణి. కాలు ఒక్కటే కాదు."

తలుపు వైపు చూశాను. వీధిలో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి, కింది వర్గంలో ఉండొచ్చట, టీచరమ్మ చెప్పింది అన్నాను. అలాగా అన్నాడు. దరఖాస్తు పెడితే చాలట అన్నాను. ఎవరు పెట్టాలి అన్నాడు. నువ్వే అన్నాను. నాకెందుకు అన్నాడు. అతని కళ్లు నవ్వుతున్నాయి, మొహం మాత్రం గుండీ మీదే ఉంది.

"ఇంకో ఏడు పరిగెత్తు," అన్నాను. "ఆగకుండా. నేనడుగుతున్నాను."

దారం కొరికి తెంపాడు. "ఇంకోసారి ఓడిపోతారు."

"తెలుసు."

"తొమ్మిది కాదు, పది నిమిషాలవుతుంది."

"ఎనిమిదవుతుంది."

అప్పుడు నవ్వాడు. రాయడం తనకు బద్ధకమనీ, దరఖాస్తు నన్నే రాయమనీ చెప్పాడు. కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు. రాశాను. మార్చిలో డెబ్బై నిండబోతున్న నేను, వచ్చే జనవరి పందెంలో అరవై దాటినవారి వర్గంలోనే కొనసాగడానికి అనుమతి కోరుతున్నాను. కారణం దగ్గర వ్యక్తిగతం అని పెట్టాను. అతను కళ్లజోడు సర్దుకుని చదివి, పెన్ను వెనక్కిచ్చాడు.

"ఇది కారణం కాదు. అసలుది రాయండి. బావగారు అడిగారు అని."

అధికారిక పత్రాల్లో అలా రాయరని చెప్పాను. అయితే సంతకం లేదన్నాడు. నియమాలు, సంప్రదాయం, కార్యదర్శి ఏమనుకుంటుంది అన్నీ చెప్పాను. అతను తర్వాతి చొక్కా తీసి కాలర్ విప్పడం మొదలుపెట్టాడు.

వ్యక్తిగతం కొట్టేశాను. పక్కనున్న కొద్దిపాటి జాగాలో, వీలైనంత చిన్న అక్షరాలతో, బావగారు అడిగారు అని రాశాను.

సంతకం పెట్టాడు. పెట్టి, కళ్లజోడు సరిగా ఆనడం లేదు, ఏం రాశారో ఒకసారి చదివి వినిపించండి అన్నాడు.

వినిపించాను.

మిషను చప్పుడులో వినబడలేదు, ఇంకొంచెం గట్టిగా అన్నాడు. మిషను ఆగే ఉంది. అయినా గట్టిగా చదివాను.